బాయిలర్ ముల్లు ఎందుకు దిగుతోంది?

బ్రిటన్‌లో అద్దె ఇంట్లో దిగిన మనవాళ్ళు చాలామంది చలికాలం వచ్చేదాకా బాయిలర్ వంక చూడరు. వంటింటి అల్మరాలోనో, మెట్ల కిందో తెల్లటి పెట్టెలా గోడకు వేలాడుతూ దాని పని అది చేసుకుపోతూ ఉంటుంది. చలి ముదిరాక ఒక పొద్దున రేడియేటర్లు చల్లగా ఉంటాయి, కుళాయి ఎంత తిప్పినా వేడినీళ్ళు రావు. వంగి చూస్తే బాయిలర్ అడుగున ఉన్న చిన్న గుండ్రటి గేజ్‌లో ముల్లు సున్నా మీద పడి ఉంటుంది. ఓనరుకు ఫోన్ చేస్తే, కింద జడలా అల్లిన గొట్టం ఉంటుంది, దాని చివరల వాల్వులు తెరవండి, ముల్లు ఒకటిన్నరకు రాగానే మూసేయండి అని చెబుతాడు. అలాగే చేస్తే బాయిలర్ మళ్ళీ వెలుగుతుంది. రెండు వారాలకు ముల్లు మళ్ళీ కిందికొస్తుంది. మళ్ళీ వాల్వు తెరుస్తారు. చాలా ఇళ్ళల్లో ఇది ఆదివారం చేసే పనుల్లో ఒకటైపోతుంది.

ఇల్లంతా వెతికినా తడి కనబడదు. కార్పెట్ పొడిగానే ఉంటుంది, పైకప్పు మీద మరక ఉండదు. మరి నీళ్ళు ఎటు పోతున్నాయి? ఇదే అందరూ అడిగే ప్రశ్న. దీనికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది: పోతున్నది నీళ్ళేనా, గాలా? ఇది తేల్చుకోకుండా వెతకడం మొదలుపెట్టినవాళ్ళు నేల చెక్కలు ఊడదీసి, పలకలు పగలగొట్టి, చివరికి ఏమీ దొరక్క కూర్చుంటారు.

ముందు ఈ ఏర్పాటు సంగతి చూద్దాం. బాయిలర్ వేడి చేసిన నీటిని పంపు గొట్టాల ద్వారా గదిగదికీ తిప్పి, చల్లారాక వెనక్కి తెస్తుంది. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటాయి. మూడు పడక గదుల ఇంట్లో ఇలా తిరిగే నీళ్ళు సుమారు 100 లీటర్లు అనుకోవచ్చు. కుళాయిలో వచ్చే నీళ్ళకూ వీటికీ సంబంధం లేదు. పాత ఇళ్ళల్లో అటక మీద ఒక చిన్న తొట్టి ఉండేది, దానికి బంతి వాల్వు ఉండేది. ఎక్కడైనా కారితే ఆ వాల్వు తనంతట తానే తెరుచుకుని తగ్గినంత నీరు నింపేది. కారుతోందన్న సంగతే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలిసేది కాదు. హీటింగ్‌కూ కుళాయికీ ఒకే పెట్టె వేడినిచ్చే ఇప్పటి కాంబి బాయిలర్లతో నడిచేది పూర్తిగా మూసి ఉన్న వ్యవస్థ. ఎక్కడ ఏ కొంచెం పోయినా గేజ్ చెప్పేస్తుంది. ముల్లు దిగినప్పుడల్లా విసుక్కుంటాం గానీ, నిజానికి అది మనకు మేలే చేస్తోంది.

నీళ్ళు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు చేరేసరికి 100 లీటర్ల నీరు 102 లీటర్లు దాటుతుంది. పెరిగిన ఆ రెండు లీటర్ల పైచిలుకు నీటికి చోటు కావాలి. నీటిని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. చోటు లేకపోతే గొట్టాలో కీళ్ళో పగలాల్సిందే. అందుకే బాయిలర్ లోపల 8 లీటర్లో 10 లీటర్లో పట్టే ఉక్కు పాత్ర ఒకటి పెడతారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. దాని మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. పొరకు ఒక వైపు హీటింగ్ నీళ్ళు, రెండో వైపు ముందే నింపి పెట్టిన గాలి లేదా నైట్రోజన్. నీళ్ళు వ్యాకోచించినప్పుడు పొర గాలి వైపు వంగుతుంది, గాలి కుదించుకుని చోటిస్తుంది. నీళ్ళు చల్లారగానే అదే గాలి మళ్ళీ నీళ్ళను వెనక్కి నెడుతుంది.

గేజ్ ముల్లును మనం బండిలో పెట్రోలు ముల్లులా చదువుతాం. దిగితే ఖాళీ అవుతోందని, ఎక్కితే నిండిందని. అది సరికాదు. ఆ ముల్లు లీటర్లు కొలవదు. రబ్బరు పొర అవతల ఉన్న గాలి ఎంత బిగువుగా కుదించుకుని ఉందో అది మాత్రమే చెబుతుంది. నీళ్ళు తగ్గినా ముల్లు దిగుతుంది, గాలి తగ్గినా దిగుతుంది. ఎంత నీరు పోతే ఎంత దిగుతుందన్నది కూడా ఆ గాలి మీదే ఆధారపడుతుంది.

1662లో రాబర్ట్ బాయిల్ ప్రచురించిన సూత్రం మనందరం హైస్కూల్లో చదివిందే. ఉష్ణోగ్రత మారనంత వరకు వాయువు పీడనాన్నీ ఘనపరిమాణాన్నీ గుణిస్తే వచ్చేది ఎప్పుడూ ఒకటే. దాన్ని ఇక్కడ పెట్టి చూద్దాం. పాత్ర 8 లీటర్లది, ముందుగా నింపిన గాలి పీడనం 0.75 బార్ అనుకోండి. గేజ్ చూపేది బయటి వాతావరణ పీడనానికి పైన ఉన్నది కాబట్టి లెక్కలో ప్రతి అంకెకూ 1 కలపాలి. ముల్లు 1.5 దగ్గర ఉన్నప్పుడు గాలి ఆక్రమించే చోటు 5.6 లీటర్లు. ముల్లు 1 దగ్గరకు దిగితే అది 7 లీటర్లు. అంటే ముల్లు అర బార్ దిగడానికి 1.4 లీటర్ల నీరు బయటికి పోవాలి. రెండు వారాల్లో అంత పోయిందంటే రోజుకు 100 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరుకు 20 బొట్ల లెక్కన, సుమారు 43 సెకన్లకు ఒక్క బొట్టు! వెచ్చటి గొట్టం మీద, పొడి గాలిలో ఆ బొట్టు నేల చేరకముందే ఆవిరైపోతుంది. ఇల్లంతా పొడిగా ఉండి కూడా నీరు పోవడంలో వింతేమీ లేదు.

అదే పాత్రలో గాలి బయటికి పోయిందనుకోండి. రబ్బరు పొర గుండా, గాలి నింపడానికి పాత్రకు ఉండే టైరు లాంటి వాల్వు గుండా ఏళ్ళ మీద గాలి కొంచెం కొంచెంగా తగ్గుతూనే ఉంటుంది. నొక్కితే కుదించుకునేది లోపల ఏమీ మిగలకపోతే కొద్ది మిల్లీలీటర్లు పోయినా ముల్లు ధబాలున పడిపోతుంది. అందుకే ముల్లు వేగంగా దిగుతోంది కాబట్టి లీకు పెద్దదనీ, నెమ్మదిగా దిగుతోంది కాబట్టి చిన్నదనీ అనుకోవడానికి వీల్లేదు.

పోతున్నది నీళ్ళా, గాలా అని తేల్చుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు, ఒక కాగితం చాలు. పొద్దున్నే హీటింగ్ మొదలుకాకముందు ముల్లు ఎక్కడుందో రాసుకోవాలి. బాగా వేడెక్కాక మరోసారి రాసుకోవాలి. ఒక వారం ఇలా చేస్తే చాలు. ఎప్పుడు పడితే అప్పుడు చూసిన అంకెలు పనికిరావు, ఎందుకంటే రాత్రి వేడిలో చూసిన అంకెకూ పొద్దున చలిలో చూసిన అంకెకూ తేడా లీకు వల్ల వచ్చింది కాకపోవచ్చు. పై లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పాత్రతో చల్లగా 1 బార్ ఉన్న ముల్లు వేడికి 1.9 దాకా వస్తుంది. గాలి పూర్తిగా దిగిపోయి పాత్రలో కేవలం వాతావరణ పీడనమే మిగిలి ఉంటే అదే వేడికి లెక్క 3.4 దాకా పోతుంది. అంత దాకా పోనివ్వరు. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీళ్ళను బయటికి వదిలేస్తుంది.

నా ఉద్దేశంలో ఈ సమస్యలో జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. సాయంత్రం హీటింగ్ వేస్తారు, ముల్లు 3కి ఎగబాకుతుంది, ఇంటి వెనక గోడ బయట చిన్న రాగి గొట్టం చివర నుంచి కొంచెం నీరు పడుతుంది. అక్కడ ఎలాగూ వాన తడే. ఎవరూ చూడరు. రాత్రి చల్లారాక ముల్లు అడుగుకు పడుతుంది. పొద్దున చూసినవాళ్ళు లీకు అనుకుని మళ్ళీ నింపుతారు. సాయంత్రం మళ్ళీ అంతే. ఇలా కొన్నిసార్లు తెరుచుకున్నాక సేఫ్టీ వాల్వు సీటు మీద చిన్న తుప్పు రవ్వో మట్టి రేణువో చిక్కుకుంటుంది, ఇక అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు పాత్రను బాగుచేసినా వాల్వు కారుతూనే ఉంటుంది. ఒక జబ్బు రెండైందన్నమాట.

ఆ బయటి గొట్టం చివరన చిన్న ప్లాస్టిక్ సంచిని వదులుగా తగిలించి ఒక రోజు ఉంచితే సంగతి తేలిపోతుంది. గట్టిగా బిగించి కట్టకూడదు, ఆ దారి మూసుకుపోకూడదు. వాల్వు తెరుచుకుంటే కాలేంత వేడి నీళ్ళు రావచ్చు, కాబట్టి చెయ్యి పెట్టి చూడడం మంచిది కాదు.

పాత్రలో గాలి కొలవడంలో అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడే చోటు ఒకటుంది. దానికి ఉండేది కారు టైరుకు ఉండే వాల్వే. టైరు గేజ్ పెట్టి చూస్తే 1 బార్ చూపిస్తుంది, బాగానే ఉందనుకుని మూసేస్తారు. రబ్బరు పొర కదిలే పొర. నీళ్ళు దాన్ని నొక్కుతున్నంత సేపు రెండు వైపులా పీడనం సమానంగానే ఉంటుంది. అవతల నీళ్ళు 1 బార్‌తో నొక్కుతూ ఉంటే, ఇవతల గుప్పెడు గాలి మిగిలి ఉన్నా గేజ్ 1 బార్ అనే చూపిస్తుంది. అందుకే ముందు నీటి వైపు పీడనాన్ని సున్నాకు దించి, అప్పుడు గాలిని కొలవాలి. ఆ వాల్వు సూదిని నొక్కితే గాలికి బదులు నీళ్ళు చిమ్మాయంటే పొర చిరిగినట్టే, ఇక పాత్ర మార్చాల్సిందే.

పాత్ర బాగుంది, సేఫ్టీ వాల్వు పొడిగా ఉంది. అయినా ముల్లు దిగుతోంది. అప్పుడు నీళ్ళ కోసం వెతకాలి. ఇల్లంతా కాదు, ముందు సగానికి తగ్గించుకోవాలి. బాయిలర్ కింద వేడినీళ్ళు వెళ్ళే గొట్టానికీ, తిరిగొచ్చే గొట్టానికీ చెరొక వాల్వు ఉంటుంది. రాత్రి బాయిలర్ కరెంటు స్విచ్చి ఆపేసి, చల్లారాక ఆ రెండూ మూసేస్తే బాయిలర్ ఒక వైపు, ఇంటి గొట్టాలు ఒక వైపు విడిపోతాయి. అవి మూసి ఉండగా బాయిలర్ ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించకూడదు. పొద్దున చూస్తే ముల్లు దిగి ఉంటే తప్పు బాయిలర్ లోపలే. ముల్లు కదలకుండా ఉండి, వాల్వులు తెరవగానే టక్కున పడిపోతే తప్పు గొట్టాల వైపు. ఆ టక్కున పడడానికి కారణం మళ్ళీ గాలే. వాల్వులు మూశాక గొట్టాల వైపు గాలి పాత్ర లేదు, కాబట్టి కొద్ది బొట్లు కారినా అక్కడ పీడనం బాగా పడిపోతుంది. తెరవగానే పాత్రలోని నీరు అటు పరుగెత్తుతుంది. చాలా లీకుల విషయంలో ఈ ఒక్క రాత్రి పరీక్ష రోజుల శ్రమ తగ్గిస్తుంది. దీన్ని చేయకుండా గోడలు తవ్వమనే ప్లంబర్ మాట నేనైతే నమ్మను.

బాయిలర్ వైపు అని తేలితే సేఫ్టీ వాల్వు తర్వాత అనుమానించాల్సింది మంట వేడిని నీటికి అందించే లోపలి హీట్ ఎక్స్‌చేంజర్‌ని. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివే. పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి, ఆ నీరు ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా మురుగు కాలువలోకి పోతుంది. ఎక్స్‌చేంజర్‌లో సన్నటి పగులు వస్తే హీటింగ్ నీళ్ళు కూడా ఆ గొట్టంలోనే కలిసిపోతాయి, ఇంట్లో ఒక్క బొట్టు కూడా కనబడదు. బాయిలర్ మండుతున్నంత సేపు ఆ గొట్టంలో నీరు రావడం మామూలే. ఆపేసి గంటలు గడిచాక కూడా వస్తోందంటే అది పొగ నీరు కాదు.

గొట్టాల వైపు అని తేలితే వెతకాల్సిన వేళ తెల్లవారుజాము, హీటింగ్ మొదలుకాకముందు. రాగి, ఇత్తడి, ఉక్కు వేడికి వేరువేరుగా వ్యాకోచిస్తాయి. పది మీటర్ల రాగి గొట్టం 50 డిగ్రీలు వేడెక్కితే 8 మిల్లీమీటర్లకు పైగా పొడుగవుతుంది. చలికాలం సాయంత్రాల్లో నేల కింద నుంచి వినబడే టిక్‌టిక్ చప్పుళ్ళు అందువల్లే. రోజూ ఇలా సాగి ముడుచుకునే కీలు వేడిగా ఉన్నప్పుడు బిగుసుకుని, చల్లారాక సందు ఇస్తుంది. మధ్యాహ్నం చూసేవాళ్ళకు పొడిగా కనబడే కీలు తెల్లవారుజామున తడిగా ఉంటుంది.

రేడియేటర్ ఒక చివర వేడి తిప్పుకునే పిడి ఉంటుంది, రెండో చివర తెల్లటి ప్లాస్టిక్ టోపీ కప్పిన వాల్వు ఉంటుంది. ఆ టోపీని ఎవరూ తీయరు. తీసి చూస్తే లోపల ఇత్తడి కాడ, దాని చుట్టూ నట్టు కనబడతాయి. నట్టు అంచున పచ్చటి వలయం ఉందంటే అక్కడ నీరు ఎన్నాళ్ళగానో కారి ఆరిపోతోందని అర్థం. ఆ పచ్చదనం రాగి లవణం. తెల్లటి పొక్కు ఉంటే అది నీళ్ళలోని సున్నం. ఎర్రటి మరక ఉక్కు తుప్పు. పొడి టిష్యూ కాగితం ముక్కను నట్టు చుట్టూ నెమ్మదిగా తిప్పితే వేలికి తెలియని తడి కాగితం మీద ముదురు చుక్కగా కనబడుతుంది. ప్రతి రేడియేటర్‌కు రెండు చివరలూ, పైన గాలి వదిలే స్క్రూ, అడుగు అతుకు ఇలా చూసుకుంటూ పోవాలి. బాత్రూంలో తువ్వాళ్ళు ఆరేసే రాడ్ల రేడియేటర్‌ని మాత్రం మరవకూడదు, అక్కడి తడిని స్నానం తడి అనుకుంటారు.

కొన్నిసార్లు ముల్లు దిగడం జబ్బే కాదు. కొత్తగా నీళ్ళు నింపిన వ్యవస్థలో కొన్ని రోజులు అది దిగుతూనే ఉంటుంది. చల్లటి నీటిలో ఎక్కువ గాలి కరిగి ఉంటుంది, వేడెక్కితే బయటికొస్తుంది. పీడనాన్ని బట్టి ద్రవంలో వాయువు ఎంత కరుగుతుందో 1803లో విలియం హెన్రీ తేల్చి చెప్పాడు. విడుదలైన గాలి బాయిలర్‌లోని గాలి వాల్వు గుండా బయటికిపోతుంది, ముల్లు ఆ మేరకు దిగి తర్వాత నిలబడుతుంది. కానీ ఏళ్ళు గడిచిన వ్యవస్థలో రేడియేటర్ పైభాగం మళ్ళీ మళ్ళీ చల్లబడి, ప్రతిసారీ స్క్రూ తిప్పి గాలి వదలాల్సి వస్తోందంటే మాత్రం జాగ్రత్త పడాలి. అది చాలాసార్లు గాలి కాదు, హైడ్రోజన్. ఉక్కు నీటితో చర్య జరిపి నల్లటి మాగ్నటైట్‌గా మారేటప్పుడు పుట్టే వాయువు. దాన్ని వదిలినప్పుడల్లా ముల్లు దిగుతుంది. లీకు లేకపోయినా రేడియేటర్ లోపలి నుంచి అరిగిపోతోందన్నమాట.

అన్నీ చూశాక మిగిలేది నేల కింద. సిమెంటు గచ్చులో సరైన తొడుగు లేకుండా పూడ్చిన రాగి గొట్టాలు కాలక్రమంలో క్షయించిపోతాయి. ఇక్కడ పనికొచ్చేది థర్మల్ కెమెరా, అంతకన్నా నమ్మకమైనది జాడ వాయువు. వ్యవస్థలోని నీళ్ళు తీసేసి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన వాయువును గొట్టాల్లోకి ఎక్కిస్తారు. ఆ పాళ్ళలో అది మండదు. వాయువుల్లో అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ పగులు గుండా బయటపడి గచ్చులోంచి పైకి పాకుతుంది. నేల మీద సెన్సర్ తిప్పితే అది బయటికొచ్చే చోటు తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్క పలక తీస్తే సరిపోతుంది. ఈ పనికి డబ్బు ఎక్కువే అవుతుంది. గది మొత్తం తవ్వించి మళ్ళీ వేయించడంతో పోలిస్తే మాత్రం తక్కువే.

వీటన్నిటికీ బదులు వారం వారం నింపుకుంటే ఏం పోతుంది అని అడిగేవాళ్ళున్నారు. వారానికి అర బార్ చొప్పున నింపితే పైన చెప్పిన 1.4 లీటర్ల లెక్కన ఏడాదికి 70 లీటర్లు దాటుతుంది. వ్యవస్థలో ఉన్నదే 100 లీటర్లు. అంటే తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం ఏడాదిలో సుమారు సగం బయటికి పోయి, దాని చోటులో ఆక్సిజన్ కరిగిన కొత్త నీళ్ళు వచ్చి చేరుతున్నాయి. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అది లోపల ఉక్కు కనబడగానే దాన్ని పట్టుకుంటుంది. లండన్ లాంటి చోట్ల నీటిలో సున్నమూ ఎక్కువే, అది ఎక్స్‌చేంజర్‌లో పేరుకుంటుంది. చిన్న లీకును అలాగే వదిలేసి నింపుకుంటూ పోతే, ఆ నింపడమే మరుసటి లీకును తయారుచేస్తుంది. సీసాలో అమ్మే లీకు మందు పోసి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. పాత్రలో గాలి పోయినదానికీ, సేఫ్టీ వాల్వు కారుతున్నదానికీ అది ఏమీ చేయలేదు.

బాయిలర్ కింద జడలా అల్లిన ఆ నింపే గొట్టం గురించి ఒక మాట. నింపడం అయ్యాక దాన్ని విప్పి పక్కన పెట్టాలి. తాగునీటిలోకి హీటింగ్ నీళ్ళు వెనక్కి పోకుండా ఉండేందుకు 1999 నాటి నీటి అమరికల నిబంధనలు చెప్పేది అదే. విప్పకుండా వదిలేసినప్పుడు దాని వాల్వు సరిగ్గా మూసుకోక కొంచెం కొంచెంగా నీరు లోపలికి వస్తూ ఉంటే లీకు కనబడకుండా దాగిపోతుంది, లేదా కారణం తెలియకుండా ముల్లు పెరుగుతూ ఉంటుంది.

అద్దెకుండేవాళ్ళు ఇదంతా తమ నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం 11వ సెక్షన్ ప్రకారం మామూలు అద్దె ఇళ్ళల్లో హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాటు బాగుచేయించాల్సింది ఓనరే. బాయిలర్ మూత తీసే పని గ్యాస్ ఇంజనీర్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళదే, వాళ్ళ దగ్గర ఫొటో ఉన్న కార్డు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. వారం రోజుల చల్లని, వేడి అంకెలు, బయటి గొట్టం సంచిలో నీరు పడిందో లేదో, వాల్వులు మూసిన రాత్రి ముల్లు ఏమైందో రాసిన కాగితాన్ని ఓనరుకు పంపండి, వచ్చే ఇంజనీరు చేతిలోనూ పెట్టండి. నింపే గొట్టాన్ని మాత్రం ఈసారి విప్పి అల్మరాలో పెట్టేయండి.